డ్రిప్పు వేస్తే చాలదు, నేర్వాలి

తాడిపత్రి చీనీ రైతుకు కాలవల్లో నీళ్లు కట్టడం తాత నేర్పిన విద్య. పాత ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. బోరు ఎండితే ఏళ్ల తరబడి సాకిన చెట్టు కట్టెల పాలే. 2003లో ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మసేద్య పథకం మొదలుపెట్టింది. సబ్సిడీపై డ్రిప్పు తోటల్లోకొచ్చింది.

పైపులు పరిస్తే పని తీరదు. నీళ్లలోని ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు పూడుకుంటాయి. చెట్టు వాడేదాకా తెలీదు. అందుకే ఫిల్టరు క్రమం తప్పక కడగాలి, పైపుల చివరి మూతలిప్పి మడ్డి వదలాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు కింద పావుగంట చెంబు పెడితే లీటరు పడాలి. తగ్గితే పూడినట్టే. ఆ లెక్క రాసుకుంటూ, విసుగులేకుండా ఏడాదంతా చేస్తేనే విద్య చేతికొస్తుంది.

నేర్చే ఓపిక రైతుకుంది. పాసుపుస్తకం అడిగే సబ్సిడీ, కౌలు రైతు చేను దాకా కూడా రావాలి.