తాడు పట్టే చేయి ఎవరిది?

బస్తర్ జలపాతాల అంచున దిగాలంటే ధైర్యం కన్నా ముందు జాగ్రత్త కావాలి

విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలెక్కితే బస్తర్‌లోని జగదల్‌పూర్ చేరతాం. అక్కడికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన కాంగేర్ లోయలో, ముంగా బహార్ వాగు సుమారు 300 అడుగుల ఎత్తు నుంచి మెట్లుమెట్లుగా దూకుతుంది. అదే తీరథ్‌గఢ్ జలపాతం. మరోవైపు చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి నది 95 అడుగుల కిందికి ఒక్క ఉదుటున పడుతుంది. ఈ కొండగోడలు చూసిన కుర్రకారుకు తాడు కట్టుకుని దిగాలనిపించడం సహజం. కానీ ఇలా తాడు మీద దిగే రాపెల్లింగ్‌ను గుండెధైర్యానికి పరీక్షగా తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

బరువంతా తాడు మీదే

కొండ ఎక్కేటప్పుడు కాళ్లూ చేతులూ మనల్ని మోస్తాయి. దిగేటప్పుడు ఒంటి బరువంతా తాడు మీద, తాడు మీది బరువంతా దాన్ని పైన కట్టి ఉంచే ఆధారం, అంటే యాంకర్ మీద పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక్క చెట్టునో, ఒక్క బోల్టునో నమ్మరు. ఒకటి ఊడినా రెండోది ఆపేలా కడతారు. పెద్దగా సాగని స్టాటిక్ తాడు వాడతారు. రాతి అంచుకు ఒరుసుకుని తెగకుండా దాని కింద మందపాటి గుడ్డ వేస్తారు.

ఎనిమిది అంకె ఆకారంలో ఉండే లోహపు పరికరంలోంచి తాడు మెలిక తిరిగి వస్తుంది. ఆ రాపిడే బ్రేకు. తుంటి పక్కన తాడు పట్టుకున్న చేయి బిగిస్తే ఆగుతాం, సడలిస్తే జారుతాం. ఆ చేయి క్షణం కూడా వదలకూడదు. పొరపాటున వదిలినా ఆదుకునేది ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో పరిచయం చేసిన ముడి. బరువు పడగానే అది తాడును గట్టిగా పట్టేస్తుంది. తాడు చివర మరో ముడి వేయక, ఆ చివర దాటి జారి ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో చేయి తిరిగినవాళ్లూ ఉన్నారు.

జలపాతం దగ్గర చిక్కులు ఇంకా ఎక్కువ. నాచు పట్టిన రాయి మీద కాలు నిలవదు. నీటి హోరులో కేక వినిపించదు కాబట్టి ఈల సంకేతాలు ముందే అనుకోవాలి. మెట్లుమెట్లుగా ఉన్న గోడ మీద దిగేవారు పైవారికి కనిపించకపోవచ్చు. వానాకాలంలో ఆ ఊసే వద్దు.

బావమరిది కాపలా

నల్లమల చెంచులు కొండగోడకు పట్టిన తేనె కోసం తాడు మీద దిగుతారు. పైన తాడుకు కాపలా ఉండేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఆధారపడ్డాయని అతనికి తెలుసు. ఎంత మంచి పరికరం కొన్నా, అంత బాధ్యతగా తాడు చూసుకునే మనిషి ఉండి తీరాలి.

అలాంటి మనుషులు శిక్షణతోనే తయారవుతారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి కోట బండ మీదే. బస్తర్ బిడ్డ నైనా సింగ్ ధాకడ్ 2021లో అదే శిఖరం చేరింది. బస్తర్ కొండలను ఎరిగిన ఆదివాసీ యువతకు పద్ధతిగా శిక్షణ ఇచ్చి, అటవీ శాఖ అనుమతితో రాపెల్లింగ్ చేయించే పని వాళ్లకే అప్పగిస్తే పర్యాటకులకు భద్రత, ఊరికి ఉపాధి.

వెళ్లేవాళ్లు మూడు ప్రశ్నలు అడగాలి. యాంకర్ ఎవరు కట్టారు? రెండోసారి ఎవరు సరిచూశారు? తాడు పట్టేదెవరు? జవాబు తడబడితే ఒంటికి బిగించిన హార్నెస్ విప్పేసి వెనక్కి రావాలి. అలా వచ్చినవాళ్లను పిరికివాళ్లని అనకపోవడం మనందరి బాధ్యత.