రిజిస్టరులో మన సంతకం

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం, ఆఫీసులో సంతకం పెట్టేది ఇంగ్లీషులో. బెంగుళూరులో మూడు నాలుగు తరాలుగా కాపురమున్న మనవాళ్ళ ఇళ్ళలో చాలావాటి సంగతి ఇంతే గనుక ఈ మాట చెప్పుకోవడానికి మాకు సిగ్గేమీ లేదు. మా తాతగారు చిక్కపేటలో ఒక బట్టలకొట్టులో తెలుగులోనే పద్దులు వ్రాసేవారట. మా నాన్నగారు ఉత్తరాలవరకు తెలుగులో వ్రాసేవారు. మా వంతు వచ్చేసరికి బడిలో కన్నడం, ఇంగ్లీషు తప్ప వేరొక అక్షరం చెప్పినవారు లేరు. మరి ఈ నాలుగు ముక్కలూ తెలుగులో వ్రాయడం ఎక్కడ నేర్చారయ్యా అంటే, పేట గ్రంథాలయంలో అని చెప్పాలి.

ఆ కథ చిన్నది. ఆదివారం ప్రొద్దున్నే నాన్నగారు మమ్మల్ని వెంటబెట్టుకొని గ్రంథాలయానికి వెళ్ళేవారు. ఆయన తెలుగు దినపత్రిక పట్టుకుంటే గంటదాకా తల ఎత్తరు. మాకు తోచక ప్రక్కన కూర్చుని తెలుగు వారపత్రికలో సినిమా బొమ్మలు చూచేవాళ్ళం. బొమ్మలోని మనిషి ఎవరో తెలుసు, క్రింద అచ్చువేసిన పేరు ఏమై ఉండాలో తెలుసు. కన్నడం చదవడం వచ్చిన కుర్రవాడికి అంతకంటె ఏం కావాలి? ర, గ, ద మొదలైన అక్షరాలు ఎరిగిన చుట్టాలలాగా పలకరించినవి. తలకట్టు మాత్రం తీరు వేరు. క, త, శ కొన్నాళ్ళు ముప్పుతిప్పలు పెట్టినవి. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఉగాది నాటికి ఒక కథ మొత్తం తడుముకుంటూ చదివి అమ్మకు వినిపించాము. ఆమె వంటింట్లోంచి రాకుండానే, “ఒత్తులు సరిగా పలుకు నాయనా” అన్నది.

ఆ ఋణం ఉన్నది గనుకనే, మొన్న కార్తీకంలో మన సంఘంలో కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు “చేతిలో ఫోను ఉండగా ఇంకా గ్రంథాలయానికి పోయేవాళ్ళున్నారా అండీ?” అని నవ్వితే మాకు నవ్వు రాలేదు. ఉన్నారో లేరో పోయి చూతామని వరుసగా కొన్ని సెలవురోజులు ఆ పనిమీదే తిరిగాము. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది, ఆమెనూ తీసుకొని వెళ్ళాము.

మొదట కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఆ ఎర్రని కట్టడాన్ని బస్సులోనుంచి చూడని బెంగుళూరువాసి ఉండడు, లోపల అడుగుపెట్టనివారు మాత్రం మన బంధువులలోనే ఎందరో ఉన్నారు. అది 1883 నుంచి 1901 వరకు మైసూరు దివానుగా ఉన్న శేషాద్రి అయ్యర్ గారి జ్ఞాపకార్థం 1915లో కట్టిన మందిరం. శివనసముద్రం విద్యుత్తు ఆయన హయాంలో తలపెట్టినదే. అది 1902లో ముందు కోలారు బంగారు గనులకు చేరి, 1905లో మన వూరి వీధులకు దీపమైంది. ముందు గులాబీతోట, ఆయన విగ్రహం. లోపలికి పోతే ఎత్తయిన కప్పు క్రింద నిశ్శబ్దం. ఖాళీగా ఉంటుందనుకున్నాము, కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు! చదివేవారిలో ముప్పాతిక మంది ఉద్యోగపరీక్షలకు తయారవుతున్న పిల్లలే. సొంత పుస్తకాలు, మంచినీళ్ళ సీసా తెచ్చుకొని తెరచిన వేళనుంచి మూసేవేళదాకా కదలరట. హాస్టలు గదిలో నలుగురి మధ్య చదువు సాగదని రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మాతో చక్కని తెలుగులోనే చెప్పాడు. గ్రంథాలయం వానికి పుస్తకాలిచ్చే చోటు కాదు, బల్ల, దీపం, నిశ్శబ్దం ఇచ్చే చోటు. అదీ చిన్న ఉపకారమా? తెలుగు పుస్తకాలు ఏ వైపున అని అడిగితే అక్కడి ఉద్యోగి లేచివచ్చి చూపించాడు. ఇది చెప్పడం ఎందుకంటే, అడగడానికి బెదిరి గుమ్మంలోనుంచే తిరిగివచ్చేవారిని మేము ఎరుగుదుము. ఒకప్పుడు మేమూ అంతే.

బసవనగుడిలో వాడియా దంపతులు 1945లో స్థాపించిన ప్రపంచ సంస్కృతి సంస్థ గ్రంథాలయానికీ వెళ్ళాము. ఇది ప్రభుత్వానిది కాదు. అక్కడి పఠనమందిరంలో ఎక్కువమంది నెరసిన తలలవారే. ఆ పేటవారు అదృష్టవంతులు. దాన్ని గురించి వేరే ఎప్పుడైనా వ్రాస్తాము.

ఇక అసలు సంగతి మా ఇంటికి దగ్గరలోని ఒక పేట గ్రంథాలయం. పేరు చెప్పము. అటువంటివి వూరినిండా ఉన్నవి. మొదటిసారి సోమవారం పోయి మూసిన తలుపు చూచి వచ్చాము. సోమవారం సెలవట. ఆదివారం పోతే ఒక పెద్దాయన కనిపించారు. మిల్లులో పనిచేసి విరమించినవారు, ఆ మిల్లూ ఇప్పుడు లేదు. రోజూ ప్రొద్దున నడిచివచ్చి కూర్చుంటారు. కన్నడ పత్రికలో పెద్ద అక్షరాలు మాత్రం కూడబలుక్కొని చదువుతున్నారు. తెలుగు పత్రిక ఏమయిందండీ అని అడిగితే, “వస్తూ ఉండేది బాబూ, ఏడాదిగా రావటం లేదు” అన్నారు. అక్కడున్న మనిషిని అడిగితే జవాబు ఒకటే మాట: “యారూ కేళోదిల్ల సార్.”

“నేను రోజూ అడుగుతున్నాను గదా నాయనా!” అన్నారు పెద్దాయన తెలుగులో.

ఇరువురూ నిజమే చెబుతున్నారు. మేము ఇరవై ఏళ్ళుగా గుమాస్తా పని చేస్తున్నాము గనుక చిక్కు ఎక్కడుందో వెంటనే తెలిసింది. నోటిమాట ఫైలెక్కదు. రిజిస్టరులో లేని పాఠకుడు ఆఫీసు లెక్కలో లేనట్టే. సలహాల పుస్తకం ఒకటి పురికొసతో మేకుకు వ్రేలాడుతున్నది. తెరచి చూస్తే చివరగా ఎవరో ఫ్యాను చప్పుడు చేస్తున్నదని వ్రాసి ఉన్నారు. తెలుగు పత్రిక మాట ఎక్కడా లేదు. ఫ్యాను సంగతి వ్రాసినతనిది ఏ భాషో గాని, అతని మాట చెల్లింది. ఫ్యాను నిశ్శబ్దంగా తిరుగుతున్నది.

ఆ రాత్రే కన్నడంలో ఒక అర్జీ వ్రాశాము. కన్నడ దేశంలో కన్నడ పుస్తకాలకు అగ్రపీఠం న్యాయమే, మాకు కావలసింది బల్లమీద ఒక్క పత్రిక, బీరువాలో ఒక్క అర అని వినయంగానే వ్రాశాము. వీధి వీధి తిరిగితే 23 సంతకాలయినవి. నకలుమీద ముద్ర వేయించుకొని భద్రపరచాము. (ముద్ర లేని నకలు గాలిపటానికి తప్ప పనికిరాదని మన పాఠకులలో ఉద్యోగులకు చెప్పనక్కరలేదు.) అధికారి చిన్న వయసు మనిషి, మర్యాదస్థుడు. అర్జీ చదివి, “ఈ 23 మందిలో సభ్యత్వం కార్డు ఎందరికి ఉన్నది?” అని అడిగారు. లెక్క చూస్తే తొమ్మిదిమందికి. అందులో మాదీ లేదు! నాన్నగారు పోయిన తరవాత కార్డు తీసుకోవాలని మాకే తోచలేదు. ఆయన కార్డు మాత్రం ఇంట్లో పాతకాగితాల పెట్టెలో ఇంకా ఉన్నది.

ఇంకొక మాట ఆయనే చెప్పారు. తెలుగు పుస్తకాల బీరువాను స్థలం చాలక ఖాళీ చేయాలనుకుంటున్నారట. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోని పుస్తకాలను కట్టకట్టి గోదాముకు పంపడం వారి పద్ధతి. తాళం తెప్పించి చూపించారు. రెండు అరలు, నూటికి లోపు పుస్తకాలు, బైండు దారాలు ఊడినవి కొన్ని. ఒకటి తీసి వెనుక అట్టకు అంటించిన తేదీల చీటీ చూచాము. ఆఖరి ముద్ర 2009. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? పదునాలుగు పదునైదేళ్ళుగా ఆ వీధినే నడుస్తున్నది మేము.

ఇక్కడ మన డబ్బు సంగతి కూడా చెప్పాలి. మైసూరు రాష్ట్రంగా ఉన్నప్పుడు 1965లోనే ఈ ప్రభుత్వం గ్రంథాలయాల చట్టం చేసింది. దాని ప్రకారం ఆస్తిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది, పన్ను రూపాయికి ఆరు పైసలు చొప్పున. సొంత ఇల్లున్నవారు రశీదు తీసి చూచుకోండి. వసూలైన సొమ్ము గ్రంథాలయ శాఖకు వేళకు చేరడంలేదని పత్రికలు ఏళ్ళుగా వ్రాస్తూనే ఉన్నవి, అది వేరే పేచీ. మనం ఇచ్చింది ఇచ్చాము, వాడుకున్నది మాత్రం లేదు.

తెలుగువాళ్ళకు గ్రంథాలయాలు ఎవరో కట్టించి ఇచ్చినవి కావు. 1901లో నిజాము హైదరాబాదులో, తెలుగు కచ్చేరి భాష కాని చోట, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఏకంగా పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా డెల్టాలో కాలువ గట్లమీది వూళ్ళకు పంపించారు. ఒడ్డున నిలబడి పడవకోసం ఎదురుచూచిన రైతుల సంగతి తలచుకుంటే, నాలుగు వీధుల అవతలి బీరువా మాకు దూరమయిందనడానికి నోరు రాదు. గ్రంథాలయ శాస్త్రాచార్యులు రంగనాథన్ గారు మన వూళ్ళోనే 1957 నుంచి ఉండి, 1972లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో ఒకదాని తాత్పర్యం, ఏ పుస్తకమైనా తన పాఠకుణ్ణి చేరుకోవాలని. పాఠకుడు ఇల్లు కదలకుంటే ఎట్లాగో ఆయన శిష్యులెవరైనా చెప్పాలి.

ఫోను మాట అన్న మిత్రుడికీ ఒక సమాధానం. కర్ణాటక ప్రభుత్వం 2020లో డిజిటల్ గ్రంథాలయం కూడా తెరచింది, మా అమ్మాయి దానిలో పాఠాలు చూస్తుంది. మంచిదే. మిల్లు తాతగారి ఫోను మాట్లాడటానికి మాత్రమే పనికివచ్చేది, ఆయన కళ్ళకు అచ్చుపత్రికే కావాలి.

అర్జీ ఇచ్చిన అయిదు వారాలకు తెలుగు పత్రిక వచ్చింది. ఈలోగా పదకొండుగురిచేత కార్డులు తీయించాము. చిన్న డిపాజిట్టు, చిరునామాకు రుజువు, అంతే. బీరువాకు తాళం తీశారు, కట్టలు కట్టడం ప్రస్తుతానికి ఆగింది. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే బాగానే ఉంటుందిగాని, దాచడం ధర్మం కాదు. మొదటి వారం పత్రికకోసం ఆరుగురు వచ్చారు. రెండవ నెలకు ముగ్గురు. సంతకం పెట్టినవారిలో సగంమంది గుమ్మం తొక్కలేదు. రాకపోకల రిజిస్టరు ఆ అధికారి నెలకొకసారి తిరగవేస్తారు, మేమూ దానివంక చూస్తూనే ఉన్నాము.

మా అమ్మాయి ఆ 2009 ముద్ర ఉన్న పుస్తకమే పట్టుకున్నది. పిల్లల కథలు. అట్టమీది పేరు చదవడానికే పూట పట్టింది. క దగ్గర ఆగిపోయి “నాన్నా, ఇదేమిటి?” అని మా వైపు చూస్తే, మేము నోరు విప్పేలోపల బల్ల అవతలినుంచి పత్రిక దించకుండానే మిల్లు తాతగారు “క అమ్మా, క” అన్నారు. అక్కడి మనిషి “సైలెన్స్” అన్నాడు. తాతగారు ఇప్పుడు ఆదివారాలు ఆమె ప్రక్క కుర్చీలోకి మారారు, గుసగుసగా చెబుతున్నారు. తేదీల చీటీమీద 2009 క్రింద కొత్త ముద్ర పడింది. గడువు పదిహేను రోజులు. అది నిన్నటితో అయిపోయింది. ఇంకా పదకొండో పేజీలోనే ఉన్నది పిల్ల. రేపు వెళ్ళి గడువు పొడిగించమని అడగాలి. ఈసారి వ్రాతమూలకంగానే.