ఆరవ తరగతిలో ఆనర్సు

'ఆనర్సు' అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. మా తండ్రిగారి తరంలో వాల్తేరు వెళ్ళి ఆనర్సు చదివి వచ్చినవానికి ఊరిలో ఒక ప్రత్యేకమైన మన్నన ఉండేది. ఆ మాట వినగానే మీసకట్టు వచ్చిన యువకుడు, చేతిలో లావుపాటి గ్రంథము కళ్ళయెదుట నిలిచేవి. అట్టి మాటను మొన్న అమెరికానుండి మా అన్నగారి అమ్మాయి ఫోనులో పలికినప్పుడు నేను కొంత తికమకపడినాను. "బాబాయ్, మావాడికి లెక్కల్లో ఆనర్సు వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం రాలేదు" అన్నది. వాడు పదకొండేండ్లవాడు, చదివేది ఆరవ తరగతి!

సంగతి విచారించగా తెలిసినది ఇది. అక్కడ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను సాధారణంగా మిడిల్ స్కూలు అంటారు. చాలాచోట్ల ఆ దశలోనే ఒక్కొక్క పాఠ్యాంశానికి రెండేసి మెట్లు ఉంటవి: ఒకటి మామూలు తరగతి, రెండవది ఆనర్సు తరగతి. లెక్కలలో ముందున్నవాడు లెక్కల గంట కొట్టగానే పై తరగతిలో కూర్చుండును. ఆ గంట కాగానే ఇంగ్లీషుకు తన తోటివారి మధ్యకు తిరిగి వచ్చును. మధ్యాహ్నం అందరూ ఒకే పంక్తిన అన్నం తిందురు. తొమ్మిదవ తరగతిలో చెప్పే బీజగణితాన్ని ఇట్టివారు ఎనిమిదవ తరగతిలోనే ముగింతురు.

ఈ ఏర్పాటుమీద అక్కడ తగవులు లేకపోలేదు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 2014లో ఈ మెట్లను తీసివేసి, ఎనిమిదవ తరగతి పిల్లలందరికీ ఒకే గణితం చెప్పవలెనని నిర్ణయించినారు. పేదపిల్లలు, నల్లజాతి పిల్లలు క్రింది మెట్టుమీదనే నిలిచిపోవుచున్నారన్నది వారి బాధ. అది నిజమైన బాధయే. కాని పదేండ్లు తిరిగేసరికి, 2024 మార్చిలో, ఆ నగరపు ఓటర్లే ఎనిమిదవ తరగతిలో బీజగణితం మరల రావలెనని పెద్ద మెజారిటీతో చెప్పినారు. చురుకైన పిల్లవానిని ఆపివేసినంత మాత్రాన వెనుకనున్నవాడు ముందుకు రాడు గదా!

మన దేశంలో ఈ ప్రశ్నకు వేరొక జవాబు చెప్పుకొన్నాము. పిల్లవానికి పై తరగతి చూపుటకు మారు, పిల్లవానినే బడినుండి ఎత్తి వేరొక బడిలో పెట్టినాము. 1971లో పి.వి.నరసింహారావుగారి పూనికతో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. తరువాత కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్ళి వచ్చినవి. పల్లెలలోని తెలివిగల పేదపిల్లలకు వసతి, భోజనం, మంచి ఉపాధ్యాయులు ఒకచోట సమకూర్చవలెనన్న ఆ సంకల్పాన్ని తక్కువచేసి మాట్లాడుటకు నాకు నోరు రాదు. ఆ బడులనుండి వచ్చిన ఐ.ఏ.ఎస్.లను, వైద్యులను, అధ్యాపకులను ఎరుగనివారెవరు? 1986 నాటి జాతీయ విద్యావిధానం దేశమంతటికీ నవోదయ విద్యాలయాలను ఇచ్చినది. జిల్లాకొక బడి, ఆరవ తరగతిలో సాధారణంగా 80 సీట్లు, వానిలో నూటికి 75కు తగ్గకుండా పల్లెపిల్లలకు, మూడవవంతు ఆడపిల్లలకు.

ఆ 80 మందిని ఎన్నుకొనే తీరును కొంచెం నిదానించి చూడవలెను. ఐదవ తరగతి చదివే బిడ్డకు రెండు గంటల పరీక్ష. ప్రశ్నలు 80, మార్కులు 100. బొమ్మల పోలికలు, అమరికలు గుర్తించే బుద్ధిపరీక్షకు 40 ప్రశ్నలు, లెక్కలకు 20, భాషకు 20. తెలుగులోనే వ్రాయవచ్చును, అది మెచ్చదగిన విషయం. కాని భాషాపరీక్ష అనగా ఇచ్చిన గద్యభాగం చదివి, నాలుగింటిలో ఒక జవాబును గుర్తించుట మాత్రమే. బిడ్డ స్వయంగా ఒక్క వాక్యం వ్రాయనక్కరలేదు. ఒకమారు తప్పినవాడు ఆరవ తరగతి ప్రవేశానికి ఆ పరీక్షను రెండవమారు వ్రాయరాదు. పదేండ్ల ప్రాయంలో ఒక శనివారంనాటి ఉదయం బిడ్డకు జ్వరం తగిలినచో ఆ ద్వారం మూతబడినట్లే!

పరీక్షలు పొరబడవా? 1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త బుద్ధిపరీక్షలు పెట్టి, సుమారు 1,500 మంది మేధావులైన పిల్లలను ఏరి, వారి జీవితాలను దశాబ్దాలపాటు పరిశీలించినాడు. ఆ వడపోతలో పనికిరారని విడిచిపెట్టిన పిల్లలలో ఇద్దరు తరువాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినారు: 1956లో షాక్లీ, 1968లో ఆల్వరెజ్. ఏరి తీసుకొన్నవారిలో ఆ బహుమతి ఒక్కరికీ రాలేదు. టెర్మన్ జల్లెడ చెడ్డదని కాదు; జల్లెడకు కన్నాలుండుట సహజం.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. 1982లో నేను మా ఊరి అప్పర్ ప్రైమరీ బడిలో ఏడవ తరగతి. అంతకుముందు గురుకుల ప్రవేశపరీక్ష వ్రాసి తప్పినవాడను. ఇంటిలో ఆ మాట ఎత్తినప్పుడల్లా పెరటిలోకి పోయేవాడను. మా తెలుగు మాస్టారు ఒకనాడు నల్లబల్లమీద ఉత్పలమాల గణాలు వ్రాసినారు: భ, ర, న, భ, భ, ర, వ. అక్షరాలు ఇరవై, యతి పదవ అక్షరం. మేము వల్లించినాము. అంతటితో ఆగిన పాఠం ప్రతి బడిలోనూ ఉన్నదే. ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టి, "ఒరేయ్, ఈ మొదటి గురువును విరగ్గొట్టి రెండు లఘువులు చేస్తే ఏమవుతుందిరా? రేపు చెప్పండి" అని ఇంటికి పోయినారు.

మరునాటికి ముగ్గురం జవాబు తెచ్చినాము. గణాలు మరల విడదీసినచో న, జ, భ, జ, జ, జ, ర వచ్చును. అది చంపకమాల! అక్షరాలు ఇరవైయొకటి, యతి ఒక స్థానం జరిగి పదునొకండవ అక్షరం. నేను గర్వంగా నిలబడి ఉండగా, వెనుక వరుసలోని కుర్రవాడొకడు మెల్లగా లేచి, "శార్దూలం కూడా అంతే గదండీ మాస్టారూ, మొదటి గురువు విరిస్తే మత్తేభం అవుతుంది. యతి పదమూడునుంచి పద్నాలుగుకు పోతుంది" అన్నాడు. మాస్టారు ఆ మాట అడుగలేదు. ఎవరూ అడుగలేదు. పుస్తకంలోనూ లేదు. వాడే రాత్రి కూర్చుండి పట్టుకొన్నాడు.

వాడు గురుకుల పరీక్ష వ్రాయలేదు. దరఖాస్తు నింపేవారు వాని ఇంటిలో లేరు. ఆ రోజునుండి మాస్టారు మా ముగ్గురినీ సాయంకాలం అరగంట నిలిపివేసేవారు. దానికి పేరు లేదు, రిజిస్టరు లేదు, సర్టిఫికెట్టు లేదు. నేను ఎరిగిన మొదటి ఆనర్సు తరగతి అదే. తక్కిన పిల్లలకు తలుపు మూయలేదు. రాదలచినవాడు ఏనాడైనా వచ్చి కూర్చుండవచ్చును, కొందరు వచ్చినారు కూడా. ఏడవ తరగతి ముగియగానే ఆ కుర్రవాని చదువు ఆగినది. హైస్కూలు ఏడు కిలోమీటర్లు, సైకిలు లేదు, తండ్రి ఒక రైతు ఇంట పాలేరుగా కుదిర్చినాడు. మత్తేభాన్ని పట్టుకొన్నవాడు గొడ్లవెంట పోయినాడు.

అందుచేతనే ఉపాధ్యాయ మిత్రులకు ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుచేయుచున్నాను. 2008లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ప్రతిభా ఉపకారవేతనం ఒకటి ఉన్నది. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ బడులలో ఎనిమిదవ తరగతి చదివే పిల్లలు దాని పరీక్ష వ్రాయవచ్చును. ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు ఉండవలెను (షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 5 మార్కుల సడలింపు ఉన్నది). కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించరాదు. నెగ్గినవారికి తొమ్మిదినుండి పన్నెండవ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు. దేశం మొత్తంమీద ఏడాదికి లక్ష మందికి. నవోదయ, కేంద్రీయ విద్యాలయాలవారికి, ప్రభుత్వ వసతి పాఠశాలలవారికి ఇది వర్తించదు. అనగా ఇది ఊరిబడిలో మిగిలినవానికే ఉద్దేశించినది. నెలకు వేయి రూపాయలు పట్నంలో ఒక పూట హోటలు ఖర్చు కావచ్చును. ఒక బిడ్డను మరి నాలుగేండ్లు బడిలో నిలుపుటకు అది చాలిన సందర్భాలు ఉన్నవి. కాని ఆ దరఖాస్తు నింపవలసినది ఎవరు? నలభై ఏండ్ల క్రిందట మా వెనుక వరుస కుర్రవాని ఇంటిలో లేని మనిషి ఈనాటికీ చాలా ఇండ్లలో లేడు. ఆ మనిషి ఉపాధ్యాయుడే కావలెను.

పట్టణాలలో ఆరవ తరగతినుండే 'ఐ.ఐ.టి. ఫౌండేషన్' అని బోర్డు కట్టి, నెలనెలా మార్కులనుబట్టి పిల్లలను సెక్షనునుండి సెక్షనుకు మార్చే వ్యాపారం వేరొకటి ఉన్నది. దానిని గురించి ఎక్కువ వ్రాయను. పదునొకండేండ్ల బిడ్డకు పదునొకండవ తరగతి లెక్కను కంఠస్థం చేయించుట ప్రతిభకు పోషణ కాదు. మా మాస్టారు మాకు పై తరగతి పాఠం చెప్పలేదు. ఏడవ తరగతి పాఠాన్నే లోతుగా తవ్వించినారు.

2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా ప్రత్యేకప్రతిభగల పిల్లలకు తరగతిలోని పాఠానికి మించిన పని ఇవ్వవలెననీ, బడులలో విషయాలవారీ బృందాలు ఏర్పడవలెననీ చెప్పినది. పేరు కొత్తదేగాని పని పాతదే. ఇందుకు భవనం అక్కరలేదు. అరగంట తీరిక, ఒక మంచి ప్రశ్న కావలెను. తీరికయే కరవైనదని మిత్రులు అందురు. లెక్కలు నింపుట, ఫొటోలు తీసి పంపుట మొదలైనవానితో సాయంకాలం గడచిపోవుచున్న మాట నేనెరుగుదును. పై అధికారులు ఆ అరగంటను ఉపాధ్యాయునికి తిరిగి ఇవ్వవలెను.

మా అన్నగారి మనుమనికి ఆ ఉత్పలమాల ప్రశ్నను ఫోనులోనే ఇచ్చినాను. వానికి తెలుగు చదువుట అంతంత మాత్రం. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసుకొని గీతలు గీసినాడట. రెండు రోజులకు వాడే ఫోను చేసి, "తాతయ్యా, ఇరవై అక్షరాలతో 10,48,576 రకాల పాదాలు వస్తాయి. అన్నింటికీ పేర్లు పెట్టారా?" అని అడిగినాడు. అన్నింటికీ పేర్లు లేకున్నా, ప్రతిదానికీ మన ఛందశ్శాస్త్రంలో ఒక వరుససంఖ్య ఉన్నదనీ, ఉత్పలమాలది 3,55,799 అనీ చెప్పినాను. అది ఎట్లు వచ్చినదో చెప్పలేదు. వాడు ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాడని వాళ్ళమ్మ చెప్పినది.