మిద్దె మీద పొగాకు

హైటెక్ సిటీ చుట్టుపక్కల మేడల మీద మిద్దెతోటలు వేసే సరదా ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన రావచ్చు: టమాటా, మిరప కుండీల పక్కన నాలుగు పొగాకు మొక్కలు పెంచి, ఆకు మనమే పదును చేసుకుంటే?

మొక్క పెంచడం పెద్ద కష్టం కాదు. అదీ మిరప, టమాటాల కుటుంబమే. విత్తనం మాత్రం నలుసంత. గ్రాముకి 10,000 పైనే. ఇసుకలో కలిపి నారుమడి మీద చల్లుతారు. మొగ్గ రాగానే తల తుంచి, పిలకలు గిల్లేస్తారు. నికొటిన్ తయారయ్యేది వేరులో. తల తుంచితే అది ఆకుల్లోకి మరింత ఎక్కుతుంది.

అసలు విద్య ఆకు కోశాకే. కోసిన ఆకు వెంటనే చావదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా బ్యారన్‌లో ముందు 35 డిగ్రీల దాపున, తేమగా ఉంచుతారు. పచ్చదనం విరిగి, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. పసుపు తేలగానే వేడి పెంచి, ఈనె ఎండేందుకు 70 డిగ్రీల దాకా తీసుకుపోతారు. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండుతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. చుట్టపొగాకుకి ఈ కొలిమి అక్కర్లేదు. నెమ్మదిగా ఆరి, చక్కెర ఖర్చయి, గోధుమరంగుకి తిరుగుతుంది. హైదరాబాదు వేసవి పొడిగాలిలో బాల్కనీలో వేలాడదీస్తే ఆకు రంగు తిరక్కముందే పెళుసెక్కిపోతుంది.

ఇక జాగ్రత్తలు. వర్జీనియా రకం వేయాలంటే 1975 చట్టం ప్రకారం, గుంటూరులోని పొగాకు బోర్డు దగ్గర పేరు నమోదు కావాలి. తడి ఆకు ముట్టుకుంటే నికొటిన్ చర్మంలోంచి ఎక్కి వాంతులు, తలతిప్పుడు వస్తాయి. దాని మొజాయిక్ వైరస్ పక్క కుండీలోని టమాటాకీ పాకుతుంది.

"మనింట్లో పండింది, కల్తీ లేదు, హానీ ఉండదు" అంటారా? అదే పెద్ద పొరపాటు. నికొటిన్ మొక్క సొంత సరుకు. తారు, కాలిన ప్రతి ఆకులోనూ పుడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిటి కేన్సర్ తెచ్చింది నాటు చుట్టే, ఫ్యాక్టరీ సిగరెట్టు కాదు.

కనుక మిత్రులారా, పెంచితే చుట్టపొగాకు మొక్క ఒక్కటి పెంచండి, ఆకు రంగు తిరగడం చూడండి, తాగకండి. మన ఆకు పాడైతే పోయేది ఓ ఆదివారం. బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకునే రైతుకి పోయేది ఏడాది అప్పు తీరే దారి. ఆ తేడా తెలిస్తే ఈ సరదా దండగ కాదు.