పడుగు, పేక, వాలుగ: వలస కుటుంబముల వస్త్రవారసత్వమున పదముల స్థానము

పూర్వుల చీరలను ఆధారముగాఁ గొని నూతనవస్త్రములను రూపొందించుట నేఁటి వస్త్రరూపకల్పనయందు ఒక ప్రధానమార్గమైనది. నాయనమ్మ పెండ్లిచీర, అమ్మమ్మ చీరయంచు, విడిచివచ్చిన యూరి నేత – ఇవి వలసవెళ్ళిన కుటుంబములవారికి సహజముగనే ప్రేరకములగుచున్నవి. అయితే చీర పెట్టెలో నిలుచును. దానిని నేసిన విధము పదములలో నిలుచును. ఆ పదములు నశించినచో రూపకర్తకు మిగులునది బొమ్మ మాత్రమే. ఈ విషయమును ఖరగ్‌పూరు తెలుఁగువారిని దృష్టియందుంచుకొని వివరించుటకు ఇచట యత్నింతును.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరున కూడలిని, పెద్ద కర్మాగారమును నెలకొల్పినది. 1902లో తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగము ఆ సంస్థలోనే చేరెను. ఈ మార్గము వెంటనే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు రైలుపనులకై వంగదేశమునకు వచ్చిరి. పూరీ గేటు అను పేటపేరే రైలుదారిని గుర్తునకుఁ దెచ్చుచున్నది. సన్నని ఖద్దరుకుఁ బేరొందిన పొందూరు కూడ ఈ మద్రాసు – హౌరా మార్గముననే కలదు. అనఁగా వలసదారియు, వస్త్రపు దారియు ఒకటియే.

పొందూరు ఖద్దరు కొండపత్తి, పునాసపత్తి మొదలగు దేశీయజాతులనుండి తయారగును. గింజపత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి శుభ్రపఱచుట అచటి విశేషము. పిదప గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చేసి రాట్నముపై వడుకుదురు. నూఱవ నంబరు నూలు కూడ ఈ విధముగనే వచ్చును.

వాలుగ యను పదము చరిత్ర గమనింపఁదగినది. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణపు మత్స్యములపైఁ బ్రకటించిన గ్రంథమున ఈ పేరు చేరినది. 1851లో బ్లీకర్ దానినుండియే 'వల్లాగో' అను శాస్త్రీయనామమును గల్పించెను. వంగభాషయందు ఈ మత్స్యమే 'బోయాల్'. ఢాకా మస్లిను కొఱకును పత్తిని దీని దవడతోనే దువ్వుచుండిరని పందొమ్మిదవ శతాబ్దపు వృత్తాంతములు చెప్పుచున్నవి. పనిముట్టు ఒకటి, పేర్లు రెండు. వంగదేశమునఁ బెరిగిన తెలుఁగుబిడ్డ బోయాలును అంగడిచేపగా నెఱుఁగును. అదే తన పూర్వుల యూరి వాలుగ యనియు, వస్త్రముతో దానికి సంబంధము గలదనియు ఎఱుఁగకపోవచ్చును.

నేతపదములందు మఱియొక భేదము గలదు. తెలుఁగున నిలువుపోగు పడుగు, అడ్డపోగు పేక. 'పడుగుపేకల వలె' అన్నచో విడదీయరాని కలయిక యని యర్థము. వంగభాషయందు ఇవియే 'టానా', 'పోడేన్'. కాని 'టానాపోడేన్' అను సమాసము ఇటునటు లాగఁబడు మనస్సును, సంఘర్షణమును దెలుపును. మగ్గము ఒకటే యయినను ఒక భాష కలయికను జూచినది, మఱియొకటి లాగుడును జూచినది. రెండు భాషల నడుమ బ్రతుకు వలసజీవికి ఈ రెండర్థములును వర్తించును. అట్లే 'ఏకై వచ్చి మేకైనట్లు' అను సామెత నేఁటికిని వినఁబడుచున్నను, ఏకు అనఁగా వడుకుటకు సిద్ధపఱచిన దూదిచుట్ట యని యెఱిఁగినవారు తక్కువ.

ఇది రూపకల్పనకు ఎట్లు పనికివచ్చును? జాందానీని ఉదాహరింపవచ్చును. ఇందు బొమ్మకు వలయు అదనపు పేకపోగులను నేఁతగాఁడు చేతితో ఒక్కొక్కటిగఁ జొప్పించును. ఢాకా జాందానీ నేతకు 2013లో యునెస్కో గుర్తింపు లభించినది. ఆంధ్రదేశమున ఉప్పాడ జాందానీ ప్రసిద్ధము. ఆ పువ్వునే బట్టపై అచ్చువేసినచో పువ్వు మిగులును, జాందానీ మిగులదు. 2018లో వెలువడిన 'మహానటి' చిత్రమునకు వస్త్రాలంకరణలో జాతీయపురస్కారము లభించినది. అందు సావిత్రి కాలపు వేషధారణమును తిరిగి రూపొందింపవలసివచ్చినది. ఇట్టి పనిలో ఛాయాచిత్రము అంచు వెడల్పును, కొంగు తీరును జూపఁగలదు. నేఁతగానికి ఏమి చెప్పవలెనో చూపఁజాలదు. దానికి పదము కావలెను.

కావున వలస కుటుంబముల వస్త్రములను సేకరించువారు ప్రతి వస్త్రముతోఁ గూడ కొన్ని విషయములను వ్రాసికొనుట యుక్తము: దానిని ఇంట నేమని పిలుతురు, అంచునకు కొంగునకు పేరులేవి, ఏ యూరి నేత, ఏ శుభకార్యమునఁ గట్టిరి, ఇరుగుపొరుగు భాషలో దానిపే రేమి. ఇంటిలోని వృద్ధస్త్రీలే ఈ కోశమునకు ఆధారము. చీర వారి తరువాత కూడ పెట్టెలో నుండును. పదము వారితోనే పోవును. భాషాపరిశోధకుఁడును వస్త్రరూపకర్తయు ఒకే యింటి గడపలో కూర్చుండి విన్నచో ఒకరికి నిఘంటువు, ఒకరికి నమూనా లభించును. ఖరగ్‌పూరు వంటి బహుభాషాపట్టణములు ఈ పనికి మిక్కిలి తగినవి.