పక్క మడి ఉపాయం

"సార్, నాపరాయి మీద కాలు పెడితే చల్లగుంటది గదా, మరి బండల కప్పు కింద ఎండాకాలం ఎందుకు ఉడికిపోతం?" కొడంగల్‌లో ఓ పిల్లవాడు అడిగాడు. తాండూరు గనుల పక్క ఊళ్లలో గచ్చూ నాపరాయే, పాత ఇళ్ల కప్పూ నాపరాయే. న్యాయమైన ప్రశ్న.

రాయి మన పాదం వేడిని చప్పున లాగేసుకుంటుంది, అందుకే చల్లగా తోస్తుంది. ఆ గుణమే కప్పు మీది ఎండను లోపలికి దించుతుంది. ఎంత దించుతుందో కొలవడం తేలికేననిపిస్తుంది: ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం, దాటిన వేడి ఎంతో చూడటం. డిగ్రీ ల్యాబుల్లో లీస్ డిస్క్‌తో చేయించేది ఇదే. చిక్కంతా అంచుల్లో ఉంది. థర్మాకోల్ లాంటివాటిలో అవతలికి దాటే వేడే చిటికెడు, పక్కలకు జారేది దాన్ని మింగేస్తుంది.

1912 ప్రాంతంలో మ్యూనిక్‌లో పోయెన్స్‌గెన్, అమెరికాలో డికిన్సన్ ఈ చిక్కు విప్పారు. ఎవరు ముందన్న తగువు నాకెందుకు, ఉపాయం చాలు. నడిమి వేడి పలక చుట్టూ సన్నటి సందు వదిలి కావలిగా మరో పలక పెట్టి, దాన్నీ సరిగ్గా అంతే వేడిలో ఉంచారు. పక్క మడిలో నీళ్లు అదే మట్టంలో ఉంటే గట్టుకు గండి పడ్డా నీరు పారదు కదా! నడిమి పలక వేడికి పక్కదారి లేదు. పైనొకటి, కిందొకటి ఉన్న నమూనాల గుండానే పోవాలి. వాటి అవతల చల్లటి పలకలు. అన్నీ నిలకడపడే దాకా గంటల తరబడి ఆగాలి. ఆ తర్వాత హీటరు తాగే కరెంటే కొలత.

నడిమి పలక 30 సెంటీమీటర్ల చదరం, నమూనా మందం 5 సెంటీమీటర్లు, రెండువైపులా తేడా 20 డిగ్రీలు అనుకుందాం. థర్మాకోల్ ఉష్ణవాహకత (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) సుమారు 0.035 కాబట్టి రెండు నమూనాలకూ కలిపి రెండున్నర వాట్లు. నాపరాయి సున్నపురాయే, దానికి ఒకటిన్నర వేసుకుంటే 108 వాట్లు! అంటే రెండంగుళాల థర్మాకోల్ పనిని రాయి చేయాలంటే రెండు మీటర్లకు పైగా మందం కావాలి. పిల్లవాడు నోరు తెరిచాడు.

తర్వాత గంటలు పట్టని వేడిప్రవాహ మీటర్లొచ్చాయి. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 3346 మాత్రం ఈ కావలి పలక పద్ధతికే. కప్పు మీద వేసే తెల్లరంగు పూత సంగతి వేరు, అది ఎండను తిప్పికొడుతుంది. ఈ పలకకు అది కనపడదు.

కప్పు కింద వేసే షీటు కొనేటప్పుడు వాహకత అంకె ఒక్కటే చూడకండి. ఎంత మందానికి, ఏ ఉష్ణోగ్రతలో, తడిలోనా పొడిలోనా కొలిచారో అడగండి. తడిస్తే ఆ అంకె మారుతుంది.