నూనె తినే ఈస్ట్, దాని గొళ్లెం

బేకరీలో బన్ను పొంగించే ఈస్ట్‌ను కిరసనాయిల్లో వేస్తే బతుకుతుందా సార్ అని జంగమకోటెలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఆ ఈస్ట్ దాన్ని తినలేదు. దాని దూరపు చుట్టం యారోవియా లైపోలిటికా తింటుంది. కిరసనాయిలైనా, డీజిలైనా, కొవ్వొత్తి మైనమైనా చాలావరకు కార్బన్, హైడ్రోజన్ గొలుసులే.

చిక్కంతా మొదటి కాటు దగ్గరే. ఈ గొలుసు మీద పట్టు దొరకదు. పైగా చివరి కార్బన్ దగ్గరి బంధం నడిమివాటికన్నా గట్టిది. అయినా ఈస్ట్ ఆ చివర్నే పట్టుకుంటుంది. పి450 అనే ఎంజైము నడిబొడ్డున ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. పక్కనున్న ఇంకో ఎంజైము దానికి ఎలక్ట్రాన్లు అందిస్తుంది. ఆ బలంతో అది ఆక్సిజన్ జంటను విడదీసి, ఒక పరమాణువును గొలుసు కొసకు తగిలించి, రెండోదాన్ని నీరుగా వదిలేస్తుంది. నూనె ఆల్కహాలయింది! మరి రెండు మెట్లెక్కితే కొవ్వు ఆమ్లం. అక్కణ్ణుంచి మన ఒళ్లు కొవ్వును ఖర్చుపెట్టే దారే, రెండేసి కార్బన్లు తెంచుకుంటూ పోవడం. కొసను పట్టుకోవడంలోని తెలివి అదే.

ఈ పి450 రకం ఎంజైములకు యారోవియాలో 12 జన్యువులున్నాయి, ఏఎల్‌కే1 మొదలు ఏఎల్‌కే12 దాకా. టోక్యో విశ్వవిద్యాలయంలో ఓతా, ఫుకుదాల బృందం పన్నెండింటినీ తీసేస్తే ఆ ఈస్ట్ నూనెమీద పెరగలేకపోయింది. ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూస్తే కొన్ని నూనెను, కొన్ని కొవ్వు ఆమ్లాలను పట్టేవని తేలింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఈ జన్యువుల గొళ్లెం. చక్కెర దొరికినప్పుడు ఇన్ని ఎంజైములు చేసుకోవడం దండగ కదా. ఏఎల్‌కే1 పని మొదలవ్వాలంటే దాని ముందు యాస్1, యాస్2 అనే ప్రోటీన్ల జంట కుదురుకోవాలి. మామూలప్పుడు యాస్3 కేంద్రకంలోనే ఉండి యాస్2ను అణచిపెడుతుంది. నూనె రాగానే యాస్3 కేంద్రకం విడిచి అంతర్జీవద్రవ్య జాలపు పొరలకు చేరుతుంది. పి450 పనిచేసేదీ ఆ పొరల్లోనే! ఫాస్ఫాటిడిక్ ఆమ్లం లాంటి కొవ్వులకు అతుక్కునే గుణం యాస్3కి ఉంది. బన్ను ఈస్ట్‌లో దీని తోబుట్టువు ఓపీ1 కూడా అలాగే అతుక్కుంటుంది, కానీ అది అదుపు చేసేది పొరల కొవ్వులు తయారుచేసే జన్యువుల్ని. ఒకే రకం ప్రోటీన్, రెండు వేర్వేరు కొలువులు. పరిణామం గురించి ఇంతకన్నా అందమైన ఉదాహరణ నేను చూడలేదు.

ఈ గొళ్లెం సంగతి తెలియకముందే, 1960లలో ఫ్రాన్స్‌లోని లవెరా రిఫైనరీలో ఆల్‌ఫ్రెడ్ షాంపాన్యా పెట్రోలియం మైనం మీద ఈస్ట్ పెంచాడు. బీపీ అనే చమురు సంస్థ దాన్ని టోప్రినా పేరుతో పశువుల దాణాగా అమ్మింది. 1973లో చమురు ధర ఎగిసింది, జపాన్, ఇటలీల్లో ఆరోగ్యం మీద అనుమానాలు లేచాయి, ఆ దాణా కథ ముగిసింది. తర్వాత ముంబయి దగ్గర నూనె కలిసిన సముద్రపు నీటిలోంచి పుణె పరిశోధకులు యారోవియానే వేరుచేశారు. బాంబే హై ముడి చమురులోని గొలుసుల్ని అది తినేస్తుంది.